బయటి నుంచి పోయిన బండి

చంద్రభాగ బీడీల చాట పక్కన పెట్టి షూటింగు నుంచి లేచి వచ్చేసింది బుధవారం నాడు. ఆదివారం సాయంత్రానికి షోలాపూర్ నీలం నగర్‌లో ఆ సంగతి తెలియని గడప లేదు.

ఆమె చేసిందల్లా ఒక ప్రశ్న అడగడం. పన్నెండేళ్ల కిందట తెలుగులో ఆడిన ‘తొమ్మిదో మలుపు’ సినిమాను బొంబాయివాళ్లు హిందీలో మళ్లీ తీస్తున్నారు. నేతపని ఇంట్లో పుట్టి మోటారు పందేలు గెలిచిన ఒక మనిషి కథ అది. తల్లి బీడీలు చుట్టి అతన్ని పెంచుతుంది. పందెం ఘట్టాలు హోట్గి రోడ్ అవతలి మైదానంలో తీస్తూ, తల్లి వేషం కట్టిన నటికి బీడీ చుట్టడం నేర్పమని చంద్రభాగను పిలిపించారు. వారం రోజులు ఓపిగ్గా నేర్పింది. ఎనిమిదో రోజు ఆ నటి తన కాగితాలు పైకి చదువుకుంటుంటే చెవిన పడింది. తెలుగులో నేతవాళ్ల పండుగ నూలి పున్నమి నాడు తల్లి ఒక నూలు పోగు తీసి, కులదేవుడు మార్కండేయుడి పటం ముందు పెట్టి, కొడుకు బండి స్టీరింగుకు కడుతుంది. హిందీలో అదే తల్లి ఆ పోగు కొస ముట్టించి దానితో బీడీ అంటించుకుంటుంది. అక్కడ జనం నవ్వాలట.

“ఇది ఎవరు రాసిన్రు?” అని అడిగింది చంద్రభాగ. ఎవరూ నోరు విప్పలేదు. ఆమె లేచింది. గుంపులో కూర్చోబెట్టడానికి తెచ్చిన నలభై మంది ఆడవాళ్లూ ఆమె వెనకే లేచారు. అప్పటి నుంచి మైదానంలో కెమెరా తిరగలేదు.

సినిమా తీస్తున్న కాళే సాబ్ స్వయంగా నీలం నగర్ వస్తున్నాడని ఆదివారం మధ్యాహ్నం కబురు వచ్చింది. ఎక్కడ కూర్చోబెట్టాలన్న మీమాంస ఎవరికీ రాలేదు. ఆదివారం సాయంత్రం మనుషులంతా ఉండేది సిద్ధరాములు ఇంట్లోనే.

వీధులన్నిటికీ కేబుల్ తీగ లాగినవాడు సిద్ధరాములు. అతని ముందు గదిలో పెద్ద రంగుల టీవీ ఉంది. విదేశాల్లో జరిగే కారు పందేలు అందులో వచ్చే రోజున సాంచాలనే మరమగ్గాల షెడ్ల నుంచీ టవళ్ల కార్ఖానాల నుంచీ మగవాళ్లు వచ్చి చేరతారు. గుమ్మం ముందు చెప్పులు గుట్టపడతాయి. వాళ్లందరికంటే ముందు వెళ్లి టీవీకి ఎదురుగా కూర్చునేవాడు వాసుదేవ్, చంద్రభాగ భర్త. సాంచాలు మొరాయిస్తే బాగుచేసే జాబర్. ఈ పందేల పిచ్చి అతనికి ఎక్కడి నుంచి అంటుకుందో ఎవరికీ అంతుపట్టదు. తండ్రి నర్సయ్య మిల్లులో నేసేవాడనీ, తాను పుట్టకముందే జ్వరం తగిలి పోయాడనీ తల్లి యల్లమ్మ చెప్పగా విన్నాడు. ఇంటిలో ఆ తండ్రి ఫోటో కూడా లేదు.

ఆ ఆదివారం ఆడవాళ్లు కూడా వచ్చారు. చంద్రభాగ గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమెకు అవతల యల్లమ్మ, ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు మీద తంబాకు వేసి చుడుతూనే ఉంది. యాభై అయిదేళ్ల యల్లమ్మ నలుగురిలో మాట్లాడే మనిషి కాదు. ఏదన్నా అడిగితే “నాకేం తెలుసు పిల్లా, సదువు లేనిదాన్ని” అంటుంది. బీడీ కార్ఖానా పుస్తకంలో వేలిముద్ర వేసి వచ్చేస్తుంది.

టీవీలో నీలం బండి ఎర్ర బండిని తరుముతోంది. ఒక మలుపు దగ్గర నీలం బండి లోపలి పక్క సందు చూసి దూరింది. ఎర్ర బండి అడ్డం జరిగింది. చక్రానికి చక్రం తగిలి, రెండూ కంకరలోకి జారి నిలిచిపోయాయి.

గది గదంతా కేక పెట్టింది.

“సందు దొర్కింది, దూరిండు! దూరకపోతె రేసరెట్లయితడు?” అని తొడ చరిచాడు సిద్ధరాములు.

“సందేడుందిరా?” వాసుదేవ్ మోకాళ్ల మీద లేచాడు. “నీ ముందటి చక్రం ఆయన యెనక చక్రం కాడ ఉన్నప్పుడు జాగ ఆయనదే. పక్కకు పక్క బరోబర్ వచ్చినంకనే నీది. అప్పుడు గూడ పక్కోనికి ఒక బండి పట్టేంత జాగ ఇడువాలె. గిది ఓవర్‌టేక్ గాదు, గుద్దుడు.”

“జాగ ఇడుసుకుంట పోతె మొదటి నంబరు ఎట్లొస్తదన్నా? పెండ్లి ఊరేగింపా ఇది?”

మూలన కుర్చీలో కూర్చున్న పెంటప్ప గొంతు సవరించుకున్నాడు. పెంటప్ప పాత మిల్లులో రిటైరైన మనిషి. ‘తొమ్మిదో మలుపు’ సినిమాను లెక్కలేనన్నిసార్లు చూశాడు. “మీరిద్దరు లోపల లోపల అనుకుంట కొట్టుకుంటున్రు. మన పిచ్చర్ల హీరో ఎట్ల పోయిండు? బయటి నుంచి! దూరం ఎక్కువ, టైర్లు జారుతయి, అయినా బయటి నుంచే పోయిండు. అది మొగోని పని.”

“గదే కాకా నాకు సమజ్ కానిది,” వాసుదేవ్ అతని వైపు తిరిగాడు. “క్యాసెట్టు ఆపి ఆపి చూసిన. తొమ్మిదో మలుపుల లోపలి పక్క సాఫ్ ఖాళీ ఉన్నది. ముందటి బండి జరిగింది. అసొంటి జాగ ఇడిసిపెట్టి తెలివున్నోడెవడైన బయటికి తిప్పుతడా? ఎందుకు తిప్పిండు?”

“నాకూ అదే అర్థం కాలేదు,” అన్నారెవరో గుమ్మంలోంచి, హిందీలో.

అందరూ వెనక్కి తిరిగారు. తెల్ల చొక్కా, చేతిలో తోలు సంచి, చెప్పులు విప్పి బయట పెట్టి వచ్చిన నలభై అయిదేళ్ల మనిషి. కాళే సాబ్. ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు. అరుద్దామని గొంతు సవరించుకున్నవాళ్లు కూడా ఆ చెప్పులు విప్పిన తీరు చూసి తగ్గారు. సిద్ధరాములు టీవీ చప్పుడు తగ్గించి కుర్చీ వేశాడు. కాళే కుర్చీ వద్దని కింద చాప మీద, వాసుదేవ్ పక్కన కూర్చున్నాడు. ఆపైన మాటలన్నీ హిందీ, మరాఠీ, తెలుగు కలగలిపి నడిచాయి. అక్కడ ఎవరికీ అది వింత కాదు.

“ఎందుకు బయటికి తిప్పాడో తెలియక నేను దాన్ని మార్చేశాను,” అన్నాడు కాళే. “మా హీరో లోపలి నుంచి దూరి, ఎదుటివాడి బండిని తోసేసి పోతాడు.”

“బఢియా!” అన్నాడు సిద్ధరాములు.

“సత్యనాశ్!” అన్నాడు పెంటప్ప, అదే క్షణంలో.

మళ్లీ గోల మొదలయ్యేదే. చంద్రభాగ లేచి నిలబడింది.

“బండ్ల సంగతి తర్వాత సాబ్. ముందుగాల పోగు సంగతి చెప్పుండ్రి.”

కాళే ఆమె ముఖంలోకి సూటిగా చూశాడు. తప్పించుకునే మనిషిలా లేడు.

“తాయీ, రాసింది నేనే. ఆ రోజు మీరు అడిగినప్పుడు మైదానం అవతల ఉన్నాను, లేకపోతే అక్కడే చెప్పేవాణ్ని. లక్నోలో కూర్చుని సినిమా చూసేవాడికి నూలి పున్నమి అంటే ఏం తెలుసు? ఆ పోగు ఎందుకు కడుతుందో వాడికి చెప్పాలంటే పది నిమిషాల సినిమా ఖర్చవుతుంది. తల్లి బీడీ అంటించుకుందనుకోండి, బీడీల ఇంటి మనిషి అని చటుక్కున పట్టుకుంటాడు. నవ్వుతాడు. నవ్వాడంటే దగ్గరైనట్టే.”

“సాబ్ చెప్పేది జర ఖరానే వైనీ,” అన్నాడు సిద్ధరాములు చంద్రభాగతో. “హిందీ పిచ్చర్ హిందీవాళ్లకు. మనకు కావాలంటె మన పిచ్చర్ మనకున్నది కద.”

“ఒక్క ముక్క మార్చొద్దు!” పెంటప్ప చేతికర్ర నేలకు కొట్టాడు. “ఉన్నదున్నట్టు తియ్యాలె. లేకుంటె తియ్యొద్దు.”

“మార్చొద్దని నేనంటలేను కాకా,” అంది చంద్రభాగ. “ఊరు మార్చుకోనియ్యుండ్రి. పేర్లు, పాటలు, చీరె కట్టు, అన్ని మార్చుకోనియ్యుండ్రి. పోగు ముచ్చట లక్నోవాళ్లకు తెల్వదంటె అది తీసేసినా నాకు కోపం లేదు. కని సాబ్, ఆ పోగు మేం మొక్కేది. దాన్ని తీసేసుడు వేరు, దానికి అగ్గి పెట్టి నవ్వుడు వేరు. మీ ఇంట్ల దేవుని ముంగట ఉన్నది తెచ్చి మేం గట్ల చేస్తె మీరు నవ్వుతరా?”

కాళే తల అడ్డంగా ఊపాడు.

“ఇంకోటి. బీడీలు చుట్టే ఆడిది బీడీ తాగుతదని మీకెవరు చెప్పిన్రు?” చంద్రభాగ రెండడుగులు ముందుకు వేసి కుడి చెయ్యి చాపింది. వేళ్ల కొసలు పసుపు తిరిగి, బొటనవేలి గోరు పక్కన చర్మం గట్టిపడి ఉంది. “వాసన చూడుండ్రి. సిగ్గెందుకు, చూడుండ్రి.”

బొంబాయి నుంచి వచ్చిన దర్శకుడు నీలం నగర్ ఆడమనిషి చేతి దగ్గరికి వంగి వాసన చూశాడు. తల వెనక్కి తీసుకున్నాడు. కళ్లు చెమ్మగిల్లాయి, ఘాటుకు.

“మూడుసార్లు సబ్బు పెట్టి కడిగొచ్చిన. మా బిడ్డ చిన్నగున్నప్పుడు ఈ చేతితోని అన్నం కలిపి పెడితె మొఖం తిప్పుకునేది. ఏడ్చేది. మా అత్త చెంచాతోని తినిపించేది. ఆమె చేయి గూడ గిట్లనే ఉంటది మరి! రోజుకు వెయ్యి చుడుతం. ఒక్కటి నోట్లె పెట్టం. ఇది బీడీల ఇంటి మనిషి అని లక్నోవాళ్లకు తెల్వాలంటె గా చెంచా చూపియ్యుండ్రి. పది నిమిషాలు అక్కర లేదు. ఏడ్చేటోళ్లు ఏడుస్తరు, లేకుంటె ఊకుంటరు. నవ్వరు.”

కాళే సంచి తెరిచి, రాసుకునే పుస్తకం తీసి, ఒక పంక్తి రాసుకున్నాడు. రాసింది ఒకసారి చదువుకున్నాడు కూడా. తర్వాత సంచి అడుగు నుంచి గోధుమరంగు కవరొకటి బయటికి తీశాడు.

“నేను వచ్చింది మీరు చెప్పేది వినడానికే. దీనికోసం కూడా,” అన్నాడు. “మద్రాసువాళ్లు మాకు సినిమా హక్కులతోపాటు పాత ఫైలు ఇచ్చారు. అందులో కథ రాసినాయన పంపిన ఉత్తరం ఉంది. తల్లి గురించి ఆయన ఏదో షరతు పెట్టాడట. అప్పటి మనుషులు పోయారు, అదేమిటో ఇప్పుడు అక్కడ ఎవరికీ గుర్తులేదు. నాకు తెలుగు రాదు.”

గదిలో గాలి మారింది. టీవీలో పందెం ఎవరు గెలుస్తున్నారో ఒక్కడూ చూడటం లేదు.

కారణం ఉంది. ‘తొమ్మిదో మలుపు’ టైటిల్స్‌లో ‘కథ: షోలాపూర్ మిత్రుడు’ అని పడుతుంది. ఆ మిత్రుడెవరన్నది పన్నెండేళ్లుగా ఊళ్లో తేలని ప్రశ్న. దాజీ పేట్ లైబ్రరీలో పనిచేసిన గుమాస్తా అని కొందరు, మిల్లులో టైమ్‌కీపరు అని కొందరు పందేలు కాసుకున్నారు. ఒకతను అది తానేనని చెప్పుకుని రెండేళ్లపాటు ఊరివాళ్ల డబ్బుతో చాయ్ తాగాడు.

“తెలుగు రాతనా? ఇటియ్యుండ్రి,” అని వాసుదేవ్ చెయ్యి చాచి, మళ్లీ తీసేసుకున్నాడు. అతను చదివింది మరాఠీ బడిలో. సిద్ధరాములూ అంతే. పెంటప్పకు కళ్లలో పొర. ఆ గదిలో తెలుగు బడికి పోయి ఏడో తరగతి దాకా చదివింది చంద్రభాగ ఒక్కతే.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని కాగితాలు అందుకుంది. పాత నోటుపుస్తకంలో చింపిన కాగితాలు. అక్షరాలు గుండ్రంగా, ఒక్కొక్కటీ విడివిడిగా ఉన్నాయి, బడిలో రాసినట్టు. గొంతు పెంచి చదవడం మొదలుపెట్టింది.

“అయ్యా, మీకు కథలు పంపేవాళ్లు చాలామంది ఉంటారు. నాకు ఒక్కటే కథ తెలుసు. అది మా ఊళ్లో జరిగింది. ఇక్కడి మిల్లుల మాలికులు ఒక ఏడు హోట్గి రోడ్ మైదానంలో డ్రమ్ములు పెట్టి, తొమ్మిది మలుపులు చేసి, మోటారు పందెం పెట్టారు. మాలికులు కుర్చీల్లో కూర్చున్నారు. బండ్లు నడిపింది వాళ్ల డ్రైవర్లు. ఆఖరు చుట్టుకు రెండు బండ్లే మిగిలాయి. నడిపేవాళ్లిద్దరూ సాలెవాళ్లే, ఒక్క ఊరి నుంచి కలిసి వచ్చినవాళ్లే. తొమ్మిదో మలుపులో ముందు బండి కొంచెం జరిగింది. లోపలి పక్క దారి ఏర్పడింది. వెనక బండి ఆ దారిలోకి వచ్చింది. ఇంకొక్క నిమిషంలో గెలిచేవాడే. అప్పుడు చూశాడు. మలుపు లోపల, తాడు దాటి వచ్చి, ఒక ఆడమనిషి నిలబడి ఉంది.”

“అరే!” అన్నాడు వాసుదేవ్. ముందుకు వంగాడు.

“ఆమె తాడు దాటి లోపలికి ఎందుకు వచ్చిందంటే...” చంద్రభాగ ఆగింది. కాగితం అయిపోయింది. కింద కాగితం తీసి చూస్తే అది చివరిది, సంతకం ఉన్నది. “మధ్యల కాగితం లేదు సాబ్.”

కాళే కంగారుగా కవరు దులిపాడు. సంచిలోంచి పాత ఫైలు తీసి వెతకసాగాడు.

“పెనిమిటి తనకు ఇచ్చిన మాటను గుర్తు చేద్దామని.”

గోడ దగ్గర నుంచి వచ్చింది ఆ మాట. మెల్లగా, వల్లించిన పాఠం అప్పగిస్తున్నట్టు.

“పందానికి పోనని కడుపు మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. అయినా పోయాడు. తనను చూస్తే ఆపుతాడనుకుంది.”

చంద్రభాగ వెనక్కి తిరిగింది. యల్లమ్మ తల ఎత్తలేదు. ఒళ్లోని చాటలో చేతులు మాత్రం ఆగి ఉన్నాయి. ఆ చేతులు ఆగడం చంద్రభాగ పదిహేనేళ్ల కాపురంలో ఎప్పుడూ చూడలేదు.

“దొరికింది,” అన్నాడు కాళే. ఫైలు అట్టకు అతుక్కుపోయిన కాగితం జాగ్రత్తగా ఊడదీసి ఇచ్చాడు.

చంద్రభాగ మొదటి పంక్తి చూసింది. పైకి చదివింది. “పెనిమిటి తనకు ఇచ్చిన మాటను గుర్తు చేద్దామని. పందానికి పోనని కడుపు మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు...”

ఒక్క అక్షరం తేడా లేదు.

“అమ్మా,” అన్నాడు వాసుదేవ్. “నీకు సదువస్తదా?”

“మా నాయిన ఊళ్లె పంతులు. పలక మీద ఆయనే దిద్దిచ్చిండు.”

“మరి ఏలిముద్ర?”

“ఏలిముద్ర ఏసేటోళ్లను ఎవరు ఏం అడగరు బిడ్డా. సంతకం పెడితె, ఎక్కడ సదివినవ్, ఎవరి బిడ్డవ్, మీ ఆయనేడి, అన్ని అడుగుతరు.”

“షోలాపూర్ మిత్రుడు...” పెంటప్ప కుర్చీలోంచి సగం లేచాడు.

“ఆడపేరు ఉంటె చదువకనే పడేస్తరనుకున్న,” అంది యల్లమ్మ.

చంద్రభాగ వెళ్లి అత్త పక్కన కూర్చుంది. చాట తీసి పక్కన పెట్టింది. అడగాల్సినవి గుండెలో వంద ఉన్నాయి. పెళ్లయిన కొత్తలో పాత వారపత్రికలు అత్తకు చదివి వినిపించేది. ఆమె కళ్లు మూసుకుని వినేది. ఒక్కోసారి తాను తప్పు చదివితే అత్త పెదవులు కదిలేవి. నిద్రలో గొణుగుతోందనుకుంది.

“ఆగిండా అత్తా?” అని మాత్రం అడిగింది. “ముందటి బండి?”

“ఆగలే. నన్ను చూసిండు, బిడ్డా. కండ్లల్ల కండ్లు పెట్టి చూసిండు. నా కొంగుకు దుమ్ము కొట్టుకుంట పోయిండు.” ఆమె కొడుకు వైపు చూడలేదు. “యెనక బండికి నేనేం కాను. ఆయన స్టీరింగు బయటికి తిప్పిండు. డ్రమ్ముల మీదికెల్లి పోయి బోర్లపడ్డది బండి.”

వాసుదేవ్ చాప మీద నుంచి లేచి నిలబడ్డాడు. మలుపుల గురించి ఇన్నేళ్లు వాదించిన మనిషి. ఆ మలుపును ఇప్పుడు కళ్లముందు చూస్తున్నాడని చంద్రభాగకు తెలిసింది. అతని కుడి చెయ్యి గాలిలో కొంచెం తిరిగింది.

“లోపల జాగ ఖాళీ లేకుండె,” అన్నాడు. “లోపల నువ్వున్నవ్.”

“నేనొక్కదాన్నే గాదు. నాకప్పుడు ఏడో నెల.”

సిద్ధరాములు చెయ్యి చాచి టీవీ ఆపేశాడు. ఎవరూ వద్దనలేదు.

“అమ్మా, ముందటి బండి...” అన్నాడు వాసుదేవ్. “గది మా నాయనేనా?”

“మీ నాయననే.”

“మిల్లుల నేసేటోడని చెప్పినవ్.”

“చెప్పిన.”

ఆమె చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. కాళే నెమ్మదిగా ముందుకు జరిగాడు. “అమ్మా, తెలుగు సినిమాలో బయటి నుంచి పోయినవాడు గెలిచాడు కదా?”

“మద్రాసోళ్లు గెలిపిచ్చిన్రు. నిజంల ఓడిండు, చెయ్యి ఇరిగింది. నన్ను కథలకెల్లి తీసేసి హీరోకు తల్లి లెక్క పెట్టిన్రు. నాకేం కోపం రాలే. ఆయన గెలిస్తె చూద్దామనే రాసిన నేను. థియేటర్ల కూసోని అందరి కంటె ఎక్కువ చప్పట్లు కొట్టిన.” ఆమె మొదటిసారి కాళే కళ్లలోకి చూసింది. “షరతు ఒక్కటే పెట్టిన. చంద్రా, సదువు.”

చంద్రభాగ చివరి కాగితం తీసింది. “కడుపుతో ఉన్న ఆ తల్లిని చూసి జనం నవ్వకూడదు. అది తప్ప మిగతాదంతా మీ ఇష్టం. ఇట్లు, షోలాపూర్ మిత్రుడు.”

కాళే తన స్క్రిప్టు తీసి, బీడీ అంటించే ఘట్టం ఉన్న రెండు పేజీల మీదా మూల నుంచి మూలకు గీత కొట్టాడు. గీత పక్కన సంతకం పెట్టి, పేజీలు చింపి చంద్రభాగ చేతిలో పెట్టాడు. “రేపు వస్తారా తాయీ? చెంచా ఘట్టం ఎట్లా తీయాలో మీరే చెప్పాలి.”

“వస్త,” అంది చంద్రభాగ. “నలభై మందిమి వస్తం.”

“తొమ్మిదో మలుపు కూడా మళ్లీ తీస్తాను. బయటి నుంచే పోతాడు. లోపల ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. మీరు ఒప్పుకుంటే, అమ్మా.”

యల్లమ్మ చంద్రభాగ చేతిలోని కాగితాల వైపు చూసింది. “నేను ఒప్పుకుంటె సరిపోదు సాబ్. ఆ మలుపు నాది గాదు. బయటి నుంచి పోయినాయనది.”

“ఆయన ఉన్నాడా?”

“యాదగిరి. దాజీ పేట్‌ల ఉన్నడు. ఇప్పటికి చేతి మగ్గమే.”

రెండు మైళ్లు కూడా లేని దాజీ పేట్. చంద్రభాగ నెలకొకసారైనా ఆ వీధుల్లోంచి నడుస్తుంది. ముప్పై మూడేళ్లుగా అత్త ఆ పేరు ఎత్తలేదు.

కాళే కారులో నలుగురూ బయలుదేరారు. వాసుదేవ్ ముందు కూర్చున్నాడు. డ్రైవరు మలుపు తిప్పినప్పుడల్లా అతని కళ్లు స్టీరింగు మీదికి పోతున్నాయి. వెనక యల్లమ్మ కొంగు నిండుగా కప్పుకుని కూర్చుంది. “ఆయనను ఎన్నడన్న కలిసినవా అత్తా?” అని చెవిలో అడిగింది చంద్రభాగ. అత్త తల అడ్డంగా ఊపింది. “దూరం నుంచి చూసిన. బతికున్నడా లేదా అని.”

దాజీ పేట్ వీధి దీపాలు అప్పుడే వెలిగాయి. సందు చివర రేకుల ఇల్లు. లోపల మగ్గం ఆడుతున్న చప్పుడు బయటికి వినిపిస్తోంది, ఒక్కో దెబ్బ మధ్య కొంచెం ఎక్కువ ఎడంతో. ఒక చెయ్యి సరిగా వంగని మనిషి నేత అది.

వాసుదేవ్ తలుపు మీద చెయ్యి వేశాడు. మగ్గం ఆగింది. కాసేపటికి నెరిసిన గడ్డంతో పొడుగాటి ముసలాయన తలుపు తీశాడు. వాసుదేవ్ వెనక చీకట్లో నిలబడ్డ ఆడవాళ్లను ఆయన చూడలేదు. వాసుదేవ్ ముఖమే చూశాడు. నుదురు, ముక్కు, గడ్డం ఒక్కొక్కటే పోల్చుకుంటున్నట్టు చూశాడు.

“నర్సయ్య కొడుకువా?” అన్నాడు.

“అవును పెద్దనాయనా.”

“మీ నాయన పోయిన నెలనే ఇక్కడికి అచ్చి నన్ను చూసిపోయిండు గద. మల్ల నిన్నెందుకు తోలిండు?”